శాంపిల్‌లో బంగారం, గనిలో గిట్టుబాటు

టన్నుకు ఇన్ని గ్రాముల బంగారం దొరికిందన్న వార్త వచ్చిన మర్నాటి నుంచే ఆ ఊళ్లో ఎకరం ధర మాట మారిపోతుంది. రాళ్లు పట్టుకెళ్లారట, ల్యాబ్‌లో బంగారం తేలిందట, ఇక గని పడటమే తరువాయట! ఈ మూడు ‘అట’ల్లో మొదటిదానికీ మూడోదానికీ మధ్య ఒక్కోసారి ఇరవై ఏళ్లు గడుస్తాయి, ఎక్కువసార్లు మూడోది అసలు రానే రాదు. శాంపిల్ ఫలితం ‘ఇక్కడ బంగారం ఉందా’ అన్న ప్రశ్నకు మాత్రమే జవాబు చెబుతుంది. గని గిట్టుతుందా అన్నది వేరే ప్రశ్న. దాని జవాబు సగం రాయిలో ఉంటే, మిగతా సగం కరెంటు బిల్లులోనూ నీళ్ల పంపుల్లోనూ లీజు పత్రాల్లోనూ ఉంటుంది. మంచి ఫలితం గనిని రుజువు చేయదు. ఆ మాటకొస్తే చెడ్డ ఫలితం గనిని కొట్టిపారేయనూ లేదు. ఈ రెండో సంగతి నిపుణులు తప్ప ఎవరూ అనరు, దాని దగ్గరకు చివర్లో వస్తాను. పల్నాడులో బంగారు గని లేదు. అయినా ఈ ప్రశ్నను తూచి చూడటానికి ఇది మంచి చోటు. సున్నపురాయి, సీసం, యురేనియం, వజ్రం అన్నీ ఈ ఒక్క జిల్లాలోనే కనిపిస్తాయి, ఒక్కో ఖనిజం కథ ఒక్కోలా నడిచింది.

ముందు సున్నపురాయి. పిడుగురాళ్ల, దాచేపల్లి, మాచర్ల చుట్టూ పరుచుకున్నది నార్జి సున్నపురాయి. దాదాపు సమతలంగా, పొర మీద పొరగా, మైళ్ల పొడవునా ఒకే తీరుగా ఉంటుంది. 1958లో మాచర్లలో కేసీపీ సిమెంటు ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచి ఇక్కడ శాంపిల్ అంటే జనానికి తెలిసిన అర్థం ఒకటే: దూరం దూరంగా కొన్ని బోర్లు వేసి, కాల్షియం ఆక్సైడ్ ఎంత శాతమో చూస్తే రాయి సంగతి తేలిపోతుంది. ఒక బోరులో 45 శాతం వస్తే రెండొందల మీటర్ల అవతలి బోరులో 44 వస్తుంది, లేదా 46. గుంటూరు యార్డులో కొనుగోలుదారు మిర్చి టిక్కీ (బస్తా)లో చెయ్యి పెట్టి, నాలుగు కాయలు తీసి, విరిచి చూసి లాటు మొత్తానికి ధర చెప్పేది కూడా ఈ ధైర్యంతోనే. పైన ఒక రకం, అడుగున ఒక రకం కలిపిన టిక్కీ తగిలితే అతను మోసపోతాడు, మిగతా టిక్కీల్లో ఆ చెయ్యి తప్పు చెప్పదు.

బంగారం దగ్గర ఆ చెయ్యి పనికిరాదు. సున్నపురాయిలో మనకు కావలసిన సరుకు నూటికి నలభై అయిదు వంతులు. బంగారు ఖనిజంలో టన్నుకు మూడు గ్రాములంటే పది లక్షల వంతుల్లో మూడు. అదైనా సమానంగా కలిసి ఉండదు. తెల్ల క్వార్ట్జ్ రాయి పగుళ్లలో, పైరైట్, ఆర్సెనోపైరైట్ లాంటి గంధక ఖనిజాల అంచుల్లో, ఒకచోట గుప్పెడు, మరో మూడు మీటర్ల దాకా శూన్యం అన్నట్టు చెదిరి ఉంటుంది. మామూలుగా వాడే డ్రిల్లింగ్ కోర్ ఐదు సెంటీమీటర్ల కంటే కాస్త సన్నం. ఒక మీటరు పొడవు కోర్ ఐదు కిలోల లోపే తూగుతుంది. దాన్ని నిలువునా రంపంతో కోసి సగాన్ని పెట్టెలో దాస్తారు, మిగతా సగం ల్యాబ్‌కు పోతుంది. అంటే రెండున్నర కిలోలు. బోర్లు యాభై మీటర్లకొకటి వేశారనుకుంటే ఆ రెండున్నర కిలోలే చుట్టూ ఉన్న సుమారు ఆరువేల ఏడొందల టన్నుల రాయి తరఫున మాట్లాడాలి. సున్నపురాయి అలా మాట్లాడగలదు. బంగారం విషయంలో ఆ మాటను నమ్మాలంటే పక్కన ఇంకా చాలా బోర్లు అదే మాట చెప్పాలి.

ల్యాబ్‌లో జరిగేది దగ్గర్నుంచి చూస్తే ఈ చిక్కు ఇంకా బాగా తెలుస్తుంది. రెండున్నర కిలోల రాయిని నలిపి, పౌడరు చేసి, అందులోంచి ముప్పై గ్రాములో యాభై గ్రాములో తీసుకుంటారు. సీసపు ఆక్సైడ్, సోడా, బోరాక్స్ కలిపి మూసలో వేసి వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో కరిగిస్తారు. సీసం కిందికి దిగుతూ బంగారాన్నీ వెండినీ తనతో పట్టుకెళ్తుంది. చల్లారాక అడుగున ఒక సీసపు బొత్తాం మిగులుతుంది. దాన్ని ఎముక బూడిదతోనో మెగ్నీషియాతోనో చేసిన చిన్న గిన్నెలో మళ్లీ కాలిస్తే సీసాన్ని గిన్నె పీల్చుకుంటుంది, పైన ఆవగింజలో పదో వంతైనా లేని పూస నిలబడుతుంది. వెండిని ఆసిడ్‌తో తీసేసి మిగిలినదాన్ని కొలిస్తే అదే ఫలితం. వందల ఏళ్లుగా నమ్మకమైన పద్ధతి ఇది, దీని మీద నాకే అనుమానమూ లేదు. అనుమానమల్లా ఆ ముప్పై గ్రాముల పౌడరు మీద. ఒక మిల్లీమీటరు అడ్డకొలత ఉన్న బంగారు రేణువు బరువు సుమారు పది మిల్లీగ్రాములు. అలాంటిది ఒక్కటి ఆ ముప్పై గ్రాముల్లో పడిందా, ఫలితం టన్నుకు మూడొందల గ్రాములకు పైన వస్తుంది. పడకపోతే సున్నా. రేణువులు మోటుగా ఉన్న నిక్షేపంలో వంద పరీక్షలు చేస్తే తొంభై తొమ్మిదిట్లో ఏమీ కనపడక ఒక్కదానిలో మూడొందలు కనపడవచ్చు. సగటు మూడు గ్రాములు, అంటే కాగితం మీద చక్కని గని. ఆ ఒక్క పరీక్ష తీసేస్తే బీడు భూమి. ఇలాంటి పెద్ద అంకెలకు నిపుణులు ఒక గరిష్ఠ పరిమితి పెట్టి కత్తిరిస్తారు. మోటు రేణువులను జల్లెడ పట్టి విడిగా పరీక్షిస్తారు. బంగారం లేని రాయినీ, ఎంత ఉందో ముందే తెలిసిన రాయినీ మధ్యమధ్యన దొంగచాటుగా పంపి ల్యాబ్‌ను కూడా పరీక్షిస్తారు. ప్రకటనలో ఇవేవీ లేకుండా ఒక్క పెద్ద అంకె మాత్రమే ఉంటే, నా దృష్టిలో అది ఫలితమనిపించుకోదు.

ఆ పెద్ద అంకెను చెప్పే తీరులోనూ ఒడుపు ఉంటుంది. ‘5 మీటర్ల మేర టన్నుకు 20 గ్రాములు, అందులో 1 మీటరులో 95 గ్రాములు’ అన్న ప్రకటన చూడండి. ఐదు మీటర్లకూ కలిపి వంద మీటరు-గ్రాములు. అందులో తొంభై ఐదు ఒక్క మీటరులోనే ఉన్నాయి. మిగిలిన నాలుగు మీటర్ల సగటు ఒకటింబావు గ్రాము. ఐదు మీటర్ల మందమైన సంపన్న రాయి అన్న చిత్రం కాస్తా, ఒక సన్నని గీత చుట్టూ పేద రాయి అన్న చిత్రంగా మారిపోయింది. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నేల మీద ఏరిన రాళ్ల ఫలితాలు ఇంకా అన్యాయం. నడుస్తూ రాయి ఏరే మనిషి కన్ను తుప్పు రంగు తేలిన క్వార్ట్జ్ మీదే పడుతుంది, పక్కనున్న మామూలు రాయిని ఎవరూ సంచిలో వేసుకోరు. పైగా ఉష్ణ ప్రాంతాల్లో వానలకూ ఎండలకూ రాయి కుళ్లి, తక్కినవి కొట్టుకుపోయి, పైపొరలో బంగారం చిక్కబడుతుంది. లోతుకు దిగితే ఆ చిక్కదనం ఉండదు.

ఈ పాఠానికి దక్షిణ భారతం పాత మూల్యమే చెల్లించింది. 1879లో ఆస్ట్రేలియా నుంచి పిలిపించిన గనుల నిపుణుడు బ్రఫ్ స్మిత్ నీలగిరి, వయనాడు ప్రాంతపు క్వార్ట్జ్ సిరలను చూసి ఆశాజనకమైన నివేదిక ఇచ్చాడు. వెంటనే లండన్‌లో ముప్పైకి పైగా కంపెనీలు పుట్టాయి, నలభై లక్షల పౌండ్లకు పైగా మూలధనం ప్రకటించారు. దేవాల, పందలూరుల్లో యంత్రాలు దిగాయి. పిండిచేసిన రాయిలోంచి వచ్చిన బంగారం శాంపిళ్లు చెప్పినదాంట్లో చిన్న పాలు. కొన్నేళ్లలో కంపెనీలన్నీ మూతపడి, ఆ కొండలు తోటల సాగుకు తిరిగిపోయాయి. వాళ్లలో అందరూ మోసగాళ్లేమీ కారు. నిజం శాంపిల్‌ను నిజాయితీగా పరీక్షించినా గని రాకపోవచ్చని చెప్పడానికే ఆ కథ. మోసం సంగతికి వస్తే, ఇండోనేషియాలోని బుసాంగ్ ముందు మిగతావన్నీ చిన్నవే. బ్రె-ఎక్స్ అనే కెనడా కంపెనీ అక్కడ ఏడు కోట్ల ఔన్సుల బంగారం ఉందంది. 1997లో ఫ్రీపోర్ట్ కంపెనీ పక్కనే మళ్లీ బోర్లు వేస్తే ఏమీ రాలేదు. నలిపిన శాంపిళ్లలో ఏటి బంగారం కలిపారని స్వతంత్ర పరిశీలన తేల్చింది. మోసం పట్టుబడటం ఆలస్యమైంది ఎందుకంటే, ఆ కంపెనీ కోర్‌ను సగానికి కోసి దాచకుండా మొత్తం నలిపేసేది. మళ్లీ పరీక్షించడానికి పెట్టెలో ఏమీ మిగలలేదు. కోర్ పెట్టెలు ఎక్కడున్నాయని అడగడం అందుకే అమాయకపు ప్రశ్న కాదు.

ఇక శాంపిల్ నిజమే, బోర్లూ దగ్గర దగ్గరగా ఉన్నాయి, బంగారం వరుసగానే సాగుతోంది అనుకుందాం. ఇప్పుడు లెక్క. సిర మందం ముప్పై సెంటీమీటర్లు, అందులో టన్నుకు పది గ్రాములు. వినడానికి గొప్పగా ఉంది. కానీ భూగర్భంలో ముప్పై సెంటీమీటర్ల సందులో మనిషి నిలబడి పని చేయలేడు. కనీసం మీటరు ఇరవై వెడల్పున తవ్వాలి, పక్క రాయి కూడా కలిసి పైకొస్తుంది. పది గ్రాములు రెండున్నరకు దిగాయి. మిల్లులో తొంభై శాతం రాబట్టగలిగితే చేతికొచ్చేది రెండుంబావు గ్రాము. బంగారం ఆర్సెనోపైరైట్ లోపల ఇరుక్కుని ఉంటే మిల్లులో బంగారాన్ని కరిగించే సైనైడ్ దాన్ని ముట్టుకోలేదు, అప్పుడు ఆ తొంభై ఎక్కడికో పడిపోతుంది. లెక్క సులువు కోసం గ్రాము పదివేల రూపాయలనుకుంటే టన్నుకు 22,500. మన చట్టంలో బంగారం మీద రాయల్టీ నాలుగు శాతం. అది రాబట్టిన బంగారం మీద కాదు, ఖనిజంలో ఉన్న బంగారం మీద, అంటే రెండున్నర గ్రాముల మీద లెక్క కడతారు. వెయ్యి రూపాయలు పోయాయి. వేలంలో రాష్ట్రానికి ఇరవై శాతం ఇస్తామని ఒప్పుకుని ఉంటే, దాన్నీ ఖనిజం విలువ మీదే కడితే, మరో ఐదు వేలు. లాభంలోంచి ఇచ్చే వాటా కాదది, గని నష్టంలో ఉన్నా కట్టాల్సిందే. మిగిలిన 16,500లో తవ్వకం, పేలుడు మందు, నీళ్లు తోడటం, గాలి పంపటం, నలపటం, జీతాలు, వడ్డీ, చివరికి గొయ్యి మూసే ఖర్చు. పది గ్రాముల శాంపిల్ ఈ పేరాలో ఎక్కడా తప్పు చెప్పలేదు. అది చెప్పినదానికీ గని బ్యాంకులో వేసేదానికీ సంబంధం ఇంత పలచన.

అంకెను తప్పుగా చదివితే ఏమవుతుందో 2020 ఫిబ్రవరిలో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లాలో మూడు వేల టన్నుల బంగారం దొరికిందని జిల్లా గనుల అధికారుల మాటగా వార్తలు మోగాయి. భారత భూవైజ్ఞానిక సర్వే వెంటనే సరిదిద్దింది. అంచనా వేసిన ఖనిజం 52,806 టన్నులు, సగటు గ్రేడ్ టన్నుకు 3.03 గ్రాములు, అంటే మొత్తం మీద సుమారు 160 కిలోల బంగారం. ఖనిజం టన్నులూ బంగారం టన్నులూ కలిసిపోయాయన్నది ఒక ఎత్తు. ఆ 160 కిలోలు కూడా గని తవ్వి తీయగల నిల్వగా ఎవరూ తేల్చలేదన్నది మరో ఎత్తు. సర్వే ప్రభుత్వ సంస్థ కదా, అంకెలు పెంచి చెప్పే అవసరం దానికేముంది అని కొందరంటారు. నిజమే, దాని నిజాయితీని నేనూ శంకించడం లేదు. కాని దానికి అప్పజెప్పిన పని ఖనిజం ఎక్కడుందో వెతకడం. గిట్టుబాటు తేల్చడం ఆ పనిలో లేదు. 2015లో వచ్చిన ఖనిజ సాక్ష్యాధారాల నిబంధనల ప్రకారం మన దేశంలో ఏ నిక్షేపానికైనా మూడు అంకెల సంకేతం ఇస్తారు. మొదటి అంకె ఆర్థిక స్థితి, రెండోది సాధ్యత అధ్యయనం, మూడోది భూగర్భ పరిశోధన ఎంత లోతుగా జరిగిందన్నది. 111 అంటే మూడింటిలోనూ పరీక్ష నెగ్గిన నిల్వ. 333 అంటే రాయి గురించి ఊహ ఉంది, గిట్టుబాటు గురించి ఎవరూ చూడలేదు. పత్రికల్లో వచ్చే బంగారు వార్తల్లో చాలావాటి వెనక 333గానీ, దానికీ ముందు మెట్టైన 334గానీ ఉంటుంది. వార్త రాసేవారు ఆ మూడు అంకెలు అడిగి వేస్తే సగం గందరగోళం తగ్గుతుంది.

మళ్లీ పల్నాడుకు. వినుకొండ వైపు అగ్నిగుండాల ఖనిజ వరుసలో బండ్లమోటులో సీసం, నల్లకొండలో రాగి, ధూకొండలో రెండూ ఉన్నాయి. పూర్వులు తవ్విన ఆనవాళ్లుండేవి, భూవైజ్ఞానిక సర్వే బోర్లు వేసింది, ఫలితాలు బాగున్నాయి. బండ్లమోటులో హిందుస్థాన్ జింక్ చాలా ఏళ్లు గని నడిపింది, తర్వాత మూసేసింది. నల్లకొండ, ధూకొండలు పెద్ద గనులుగా నిలవనే లేదు. మూడు కొండల్లోనూ లోహం ఉందన్నది నిరూపితమైన సంగతే. చిన్న నిక్షేపం, ప్రపంచ మార్కెట్‌లో సీసం ధర, కొత్త యంత్రాలకు కావలసిన పెట్టుబడి అన్నవి శాంపిల్ కాగితంలో కనపడని సంగతులు. యురేనియం కథ ఇంకోరకం. మాచర్లకు దగ్గర్లోని కొప్పునూరులో, కృష్ణకు అవతల నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టుల్లో అణు ఖనిజాల డైరెక్టరేట్ ఏళ్ల తరబడి బోర్లు వేసి నిక్షేపాన్ని లెక్కగట్టింది. పెద్దగట్టు మీద 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే, నాగార్జునసాగర్ జలాశయం అంచున యురేనియం గనేమిటని జనం ఎదురుతిరిగారు. ఇవాళ్టికీ గని రాలేదు. గ్రేడ్ ఎంత బాగున్నా పక్కన జలాశయం ఉంటే ఆర్థిక లెక్కలో ఒక పెద్ద గీత పడుతుందన్నది అక్కడ తేలింది. కోహినూరు పుట్టిల్లని చెప్పే కొల్లూరు సంగతి సరేసరి. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే అరవై వేల మంది పని చేస్తున్నారని రాసిన ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ల పాలైంది.

రాష్ట్రంలో బంగారం విషయానికి వస్తే రెండు ఉదాహరణలు చాలు. కర్ణాటకలోని కోలారు బంగారు గనుల వరుసకు దక్షిణపు కొసన చిత్తూరు జిల్లాలో చిగరగుంట, బిసానత్తం గనులున్నాయి. భారత్ గోల్డ్ మైన్స్ కాలంలో తవ్వి, 2001లో వదిలేశారు. ఆ బ్లాకులో 18.3 లక్షల టన్నుల ఖనిజం, సగటున టన్నుకు 5.15 గ్రాములు ఉన్నాయన్న అంచనాతో వేలం వేస్తే 2018లో ప్రభుత్వ రంగ సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది. ఐదు గ్రాములంటే ఈ రోజుల్లో మంచి గ్రేడే, కోలారు చివరి రోజుల కంటే మెరుగు. అయినా మొత్తం బంగారం తొమ్మిదిన్నర టన్నుల లోపే, దాని మీదే మిల్లు, షాఫ్టు, అనుమతులు, భూమి ఖర్చులన్నీ రావాలి. కర్నూలు జిల్లా జొన్నగిరి రెండోది. 1990ల్లో సర్వే చూసింది, తర్వాత జియోమైసూర్ కంపెనీ బోర్లు వేసింది, 2013లో మైనింగ్ లీజు వచ్చింది. లీజు వచ్చి పదేళ్లయ్యేనాటికి అక్కడ ఉన్నది పైలట్ ప్లాంటే. రైతుల దగ్గర భూమి కొనాలి, నీళ్లు తేవాలి, రాయి మిల్లులో ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. ఈ ఆలస్యాన్ని చేతకానితనం అనే వాళ్లున్నారు. నేనైతే పైలట్ ప్లాంటునే ఆ ప్రాజెక్టులో అన్నిటికంటే నమ్మదగిన శాంపిల్ అంటాను. అక్కడ మాట్లాడేది ముప్పై గ్రాముల పౌడరు కాదు, వేల టన్నుల రాయి. (తొలకరి పడగానే అదే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాల కోసం వందలమంది వెతుకుతారు, ఏటా కొందరికి దొరుకుతాయి కూడా. దాన్నిబట్టి అక్కడ వజ్రాల గని పెడతామని మాత్రం ఎవరూ బయల్దేరరు. బంగారం దగ్గరే ఆ వివేకం తప్పుతుంది.)

ఇంత అనుమానం పెట్టుకుంటే ఏ గనీ తెరుచుకోదని ఒక ఆక్షేపణ ఉంది. దానికి కోలారునే సాక్ష్యం తెస్తారు. 1880లో మొదలైన మైసూరు కంపెనీ మూడేళ్లలో డబ్బంతా ఖర్చు చేసి మూసేసే స్థితికి వచ్చింది. చివరి ప్రయత్నంగా పాత తవ్వకాల కింద ఇంకా దిగితే ఛాంపియన్ సిర తగిలింది. నూట ఇరవై ఏళ్లలో ఎనిమిది వందల టన్నుల బంగారమిచ్చిన గని, లెక్క ప్రకారమైతే పుట్టకూడదు. ఈ వాదనలో బలముంది. కానీ అదే పదేళ్లలో వయనాడులో అంతే ధైర్యంతో దిగిన ముప్పై కంపెనీలను ఎవరూ సాక్ష్యానికి పిలవరు. గెలిచిన పందెం రుజువు అనిపించుకోదు. పైగా వాళ్లు పెట్టింది తమ వాటాదారుల డబ్బు. ఇవాళ పందెంలో రైతు భూమి, ఊరి నీళ్లు, ప్రభుత్వ రంగ సంస్థ పెట్టుబడి కూడా ఉన్నాయి.

రెండో ఆక్షేపణ ధర గురించి. 2001 ఫిబ్రవరి 28న కోలారు మూతపడేనాటికి ఔన్సు బంగారం 270 డాలర్ల చుట్టుపక్కల ఉంది, 2025లో మూడు వేలు దాటింది. పాత లెక్కలన్నీ మారిపోలేదా? మారాయి. కోలారులో గుట్టలుగా పోసిన మూడు కోట్ల టన్నులకు పైగా సైనైడ్ దిబ్బలను మళ్లీ వడకట్టాలన్న ఆలోచనకు ధరే కారణం. టన్నుకు ఒక గ్రాము కూడా లేని ఆ బూడిద ఇప్పుడు ఖనిజం అయింది. అయితే అక్కడ రాయి ఇప్పటికే నలిగి నేల మీద ఉంది, ఎంత ఉందో ఏముందో తెలుసు. అనిశ్చితి తక్కువ ఉన్నచోట ధర అద్భుతాలు చేస్తుంది. యాభై మీటర్లకొక బోరున్న కొండలో రెండు బోర్ల మధ్య బంగారం ఉందో లేదో ధర చెప్పలేదు. లేని గ్రాముకు ఎంత ధర వస్తే ఏం? ధర పెరిగినప్పుడు డీజిల్, ఉక్కు, యంత్రాల అద్దె, వేలంలో పోటీపడి ఒప్పుకునే శాతం కూడా పెరుగుతాయి. గని తెరిచేసరికి పదేళ్లు పడితే, గిట్టుబాటు లెక్క ఇవాళ్టి ధర మీద నడవదు, అప్పటి ధర మీద నడుస్తుంది.

మూడో ఆక్షేపణే నాకు అన్నిటికంటే గట్టిదిగా తోస్తుంది. ఇదంతా మంచి ఫలితాలను తగ్గించి చూడమని చెబుతోంది కదా, శాంపిళ్లు తక్కువ చూపిస్తే? పైన చెప్పిన లెక్కనే తిరగేసి చూస్తే, మోటు రేణువుల నిక్షేపంలో వందలో తొంభై తొమ్మిది పరీక్షలు అసలు విలువ కంటే తక్కువే చూపిస్తాయి. నాలుగు బోర్లు వేసి ఏమీ లేదని వెనుదిరిగిన చోట నిజంగా గని ఉండి ఉండవచ్చు. ఈ మాట పూర్తిగా ఒప్పుకుంటాను. రెండు వైపులా పనికొచ్చే మందు ఒక్కటే: పెద్ద శాంపిల్. చిన్న సొరంగం తవ్వి, వందల టన్నుల రాయి తీసి, మిల్లులో ఆడించి చూడటం. దానికి కోట్ల రూపాయలు కావాలి, అవి ఎవరు పెట్టాలన్నదే అసలు సమస్య. 2023లో గనుల చట్టాన్ని సవరించి, బంగారం, రాగి, వజ్రం సహా 29 లోతు ఖనిజాలకు ప్రత్యేక అన్వేషణ లైసెన్సు తెచ్చారు. వెతికి పెట్టిన కంపెనీకి, తర్వాత ఆ గని పాడుకున్నవారు కట్టే వేలం సొమ్ములో వాటా ఇస్తారు. ఆలోచన మంచిది. ప్రతిఫలం గని నుంచి వస్తుంది తప్ప ప్రకటన నుంచి కాదు. కానీ ఆ గని నడిచేదాకా అన్వేషణ ఖర్చుకు డబ్బు పుట్టాల్సింది మదుపరుల దగ్గరే కనుక, మధ్యలో వేసే ప్రతి బోరూ ఒక ప్రకటన కాక తప్పదు. అది చదివేవాళ్లు ముందు బోరు ఎంత దూరానికొకటి వేశారో చూసుకుని, ఆ తర్వాతే గ్రాముల అంకె దగ్గరకు రావాలి.